మా షటర్‌కు వైద్యం

మా ఆయనకు, ఆయన ఇద్దరు దోస్తులకు ఒక గొప్ప విద్య వచ్చు. చప్పుడు విని మిషన్ రోగం చెప్పేస్తారు. ముగ్గురూ గుజరాత్‌లో సచిన్ అనే ఊళ్లో బట్ట నేసే సాంచాలను బాగుచేస్తారు. ఇరవై ఏళ్లు ఆ మోతలో నిలబడి, పక్కన కూర్చుని పిలిచినా వినపడని స్థితికి వచ్చారు. అయినా తమ చెవుల మీద వాళ్ల నమ్మకం చెక్కుచెదరలేదు.

ఆ పక్కనే నవాగామ్‌లో మేం అద్దెకుండే ఇంటి కింద కారు గ్యారేజీ ఉంది. ఓనరుకు కారు ఎన్నడూ లేదు. అందులో నేను జొన్నరొట్టెల కొట్టు పెట్టుకున్నాను. పొద్దున మిల్లు బస్సు వచ్చేలోపు షటర్ లేవాలి, పొయ్యి వెలగాలి. ఆ షటర్‌ను నడుం వంచి, కుడి భుజం ఆనించి, పళ్లు బిగబట్టి లేపేదాన్ని. రెండేళ్లకు ఆ భుజం జడ వేసుకోవడానికి కూడా లేవడం మానేసింది. ఇంకా బరువులెత్తితే రొట్టెలు చేయడం మర్చిపోవాల్సిందే అంది డాక్టరమ్మ. నాకు భయమేసింది. నాకొచ్చింది ఆ ఒక్క పనే.

కొత్త షటర్ వేయిద్దామన్నాను. అంతే, ముగ్గురు వైద్యులూ దిగారు. సాంచ ఆగితే కొత్త సామాను అడగడం వాళ్లలో నామోషీ. ఉన్నదాంతోనే నడిపించినవాడు మొనగాడు.

చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని, వరసగా నిలబడ్డారు.

"జర ఎత్తు," అన్నాడు మా ఆయన.

ఎత్తాను.

"గిట్ల గాదు వదినె, మెల్లగెత్తు. ఆవాజ్ సమజైతలేదు," అన్నాడు ఒక దోస్తు.

దించి మళ్లీ ఎత్తాను. మూడోసారి ఎత్తాక కళ్లు తెరిచి, నూనె తక్కువైందని తేల్చారు. ఒక్కడూ షటర్‌ను ముట్టుకోలేదు. నేను పోసిన నూనె వారం రోజులు నా పిండి గిన్నె పక్కనే కారింది. షటర్ అరవడం మానేసింది, బరువు మాత్రం పిసరంత తగ్గలేదు. వాళ్లు ఛాయ్ తాగి, ఒకరి భుజం ఒకరు తట్టుకుని పోయారు. సిగ్గులేని జన్మలు.

ఇక ఎవరినీ అడగలేదు. కిమ్ అనే ఊరి నుంచి షటర్లు చేసే గుజరాతీ మనిషిని పిలిపించాను. అతను చెవి పెట్టలేదు. వంగి చేయి పెట్టాడు. షటర్ లేవలేదు.

"భాయ్, జరా హాథ్ లగావో," అని మా ఆయన్ని సాయానికి పిలిచాడు.

రెండేళ్లలో మా ఆయన ఆ షటర్ మీద చేయి వేయడం అదే మొదటిసారి. ఇద్దరూ కలిసి మోకాలి ఎత్తుకు లేపేసరికి ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

లోపల స్ప్రింగ్ ఎప్పుడో విరిగిందని చెప్పాడు షటర్ మనిషి. "అకేలా కౌన్ ఉఠాతా థా ఇసే?" అని, ఇన్నాళ్లూ దీన్ని ఒంటరిగా ఎత్తిందెవరని అడిగాడు.

మా ఆయన నన్ను చూపించాడు. చూపించి, "గింత బరువున్నదని ముందుగాల చెప్పొద్దా నువ్వు?" అన్నాడు.

రెండేళ్లు రోజూ చెప్పాను. అసహ్యమేసింది. రేకులు తుప్పుపట్టాయి, ఒక్క స్ప్రింగ్ మారిస్తే ఎన్నాళ్లో ఆగవు అన్నాడు షటర్ మనిషి. మా ఆయన అప్పుడు కూడా "స్ప్రింగ్ చాల్తది" అనబోయాడు. మొత్తం కొత్తదే వేయమన్నాను.

కొత్త షటర్ ఒక్క వేలితో లేస్తుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే మా ఆయనే ఎత్తుతున్నాడు.