తహర్ మెడలో గంట

మాతో పనిచేసే దేవయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే రోగం, తీర్పు చెప్పడం. ఎక్కడైనా ఇద్దరు గొంతు పెంచితే చాలు, భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరుస్తాడు. "జర ఆగుండ్రి. కూసోండ్రి. పంచాయితీ జేద్దాం" అంటాడు. వాళ్ళది జగిత్యాల దగ్గర ఊరు. అక్కడ పెద్దమనుషులు ఇలాగే కూర్చోబెట్టి తగాదాలు తీరుస్తారట. సరే, తీర్చనీ. కానీ ఈ మహానుభావుడు చెప్పే తీర్పు ఒక్కటంటే ఒక్కటి ఎవరికీ పనికొచ్చి చావదు!

ఒమాన్‌లోని ఇబ్రాలో మా కంపెనీ రూమ్‌లో వంట చేసే బాబు మియాకీ, డ్రైవర్ ఇర్షాద్‌కీ ఏసీ దగ్గర గొడవొచ్చింది. ఒకడికి చలి, ఒకడికి ఉక్క. దేవయ్య తువ్వాల పరిచాడు, ఇద్దరి మాటా బుద్ధిగా విన్నాడు, గొంతు సవరించుకున్నాడు. "ఏసీ పీకి బయట పెట్టుండ్రి. ఎవరికీ వద్దు." ఒమాన్ ఎండాకాలంలో! ఇద్దరూ కలిసి అతన్ని తలుపు దాకా తరిమారు. కాసేపటికి చూస్తే ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం తింటూ, "పాగల్ హై" అని దేవయ్య మీద జోకులేసుకుంటున్నారు.

నా సంసారాన్నీ వదల్లేదు. మా ఆవిడ ఉదయశ్రీ రాజధానిలో, దార్సైట్ పేటలో ఉంటుంది, నేనేమో సర్వే పని మీద ఇబ్రాలో. శుక్రవారం ఎవరు ఎవరి దగ్గరికి రావాలని ఫోన్లో కస్సుబుస్సులాడుకుంటున్నాం. స్పీకర్ ఆన్‌లో ఉంది. తువ్వాల పడనే పడింది. "సార్ అక్కడికి పోవద్దు. అమ్మ ఇక్కడికి రావద్దు. నడుమ బిద్‌బిద్ కాడ పెట్రోల్ బంకుల కలుసుకోండ్రి." అవతల ఉదయశ్రీ పగలబడి నవ్వింది. "ఎవరండీ ఆయన? ఇంటికి తీసుకురండి, పప్పుచారు పెడతాను" అంది. ఆ తర్వాత మా గొడవ ఏమైందో మాకే గుర్తులేదు.

ఇన్ని తిట్లు తిని కూడా ఈ మనిషి మళ్ళీ మళ్ళీ తువ్వాల ఎందుకు పరుస్తాడు? అది మాత్రం నాకు అంతుపట్టేది కాదు.

ఆ మధ్య మాకు కొండ మీద కంచె పని వచ్చింది. అక్కడ తహర్ అని ఒక అడవిమేక ఉంటుంది. ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఊళ్ళో మేకలు పైకెక్కి దాని మేతంతా నాకేస్తున్నాయని ఈ కంచె. ఆఖరి స్తంభానికి గుంత తీద్దామని పొద్దున్నే వెళ్ళేసరికి, అజీజా అనే ముసలావిడ సరిగ్గా ఆ చోటే చాప వేసుకుని కూర్చుంది. చుట్టూ ఆవిడ మేకలు.

"పైనున్న మడుగు నీళ్ళే నా మేకలకి ఆధారం. దారి మూశారంటే ఈ ఎండల్లో మందంతా అమ్ముకోవాల్సిందే. నేను లేవను" అంది.

అడవి కాపలా చూసే హమూద్ ఫోన్ తీసి ఆవిడకి ఫొటో చూపించాడు. మడుగు ఒడ్డున తల్లి తహర్, పక్కన ఇంకా కాళ్ళు నిలవని పిల్ల. "మీ మేకల అలికిడికి ఇవి నీళ్ళకి దిగడం మానేస్తే? ఈ పిల్ల బతకదమ్మా!" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. అంతలో నా వెనక తువ్వాల దులిపిన చప్పుడు.

"దేవయ్యా, నీకు దండం పెడతాను. ఇది ఏసీ కాదు" అన్నాను.

వింటేగా! చాప ఎదురుగా హమూద్‌ని కూర్చోబెట్టి, తనకొచ్చిన అరబ్బీలో తీర్పు చెప్పేశాడు. "తహర్‌లను పట్టుకొచ్చి అజీజవ్వ మందల కలపాలె. మెడకు గంట కట్టాలె. హమూద్ కర్ర పట్టుకొని అన్నిటినీ కాయాలె."

హమూద్ ఎగిరి నిలబడ్డాడు. "తహర్ మెడకి గంటా? మేకల జబ్బులన్నీ దానికి అంటించాలా?"

"ఆ కొండపోతు నా మందలోనా?" అంత పట్టుపట్టి కూర్చున్న అజీజా కూడా లేచింది. "నా మేకలన్నీ దాని వెనక పోయి లోయలో పడతాయి! నువ్వు చెప్పు హమూద్ నాయనా ఈ పిచ్చోడికి, తహర్ మనిషి దగ్గరికి వస్తుందా? నా చిన్నప్పటి నుంచి చూస్తున్నా, పొద్దు వాలితే గానీ నీళ్ళకే దిగదు."

"అవునమ్మా, మా కెమెరాలోనూ అంతే..." హమూద్ ఆగాడు. "మరి నీ మేకలు?"

"పొద్దున్నే తాగి, ఎండెక్కేలోగా దిగొచ్చేస్తాయి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎంతసేపని! కంచెకి గేటు పెట్టాలి, పొద్దున పూట మేకలకి తెరవాలి, ఆపైన మూసేయాలి. ఆఫీసులో ఒప్పించే పూచీ నాదన్నాడు హమూద్. మడుగు దాటి ఒక్క మేక పైకెక్కినా నా పేరు అజీజా కాదంది ఆవిడ.

"గేటు తాళం నా దగ్గరుంచుండ్రి" అన్నాడు దేవయ్య.

"నీ దగ్గరా? వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

కొండ దిగుతూ అడిగేశాను. "నీ తీర్పు ఇప్పటిదాకా ఒక్కరైనా ఒప్పుకున్నారా? నీకు సిగ్గెయ్యదూ?"

"ఒప్పుకుంటే కొంప మునగదా సార్?" తువ్వాల భుజాన వేసుకున్నాడు. "కొట్లాడేటోళ్ళకు ఎదుటోడు దొంగ లెక్క కనపడతడు. నడుమ నా అసుంటి ఎడ్డోడు దొరికితే ఇద్దరు కలిసి వాన్ని తిడతరు. కలిసినంక ఇంక కొట్లాట ఏముంటది?"

నేను దారి మధ్యలో ఆగిపోయాను. "ఓరి నీ అసాధ్యం కూలా! అంటే ఇన్నాళ్ళూ కావాలనే...?"

"చెప్పకుండ్రి సార్. తెలిస్తే ఎవరూ తిట్టరు" అన్నాడు నెమ్మదిగా.

ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. గేటు బిగించిన రోజు అజీజా కహ్వా కాఫీ, ఖర్జూరాలు తెచ్చింది. మొదటి కప్పు హమూద్‌కి ఇవ్వబోతే, "ముందు ఆ మూర్ఖుడికి ఇవ్వమ్మా" అన్నాడు. "వాడు కప్పు జారేస్తాడు" అని గొణుగుతూనే ఆవిడ దేవయ్య చేతికి కప్పిచ్చి, ఏరి ఏరి పెద్ద ఖర్జూరం ఒకటి పెట్టింది. అంతా బాగుందనుకునేలోగా గేటు లోపలికి తెరుచుకోవాలా, బయటికా అని ఇద్దరికీ మళ్ళీ మాటామాటా పెరిగింది.

దేవయ్య చెయ్యి మెల్లిగా తువ్వాల మీదకి వెళ్ళింది. ఈసారి నేను ఆగలేదు.

"ఒరే మూర్ఖుడా, తీర్పు గీర్పు అన్నావంటే చూడు!" అని అందరికంటే ముందు నేనే అరిచాను.

వెంటనే వాళ్ళిద్దరూ నాతో గొంతు కలిపారు. దేవయ్య తల వంచుకుని, ఖర్జూరం బుగ్గన పెట్టుకుని, హాయిగా తిట్లు తిన్నాడు.