వెనక కొండ చూసుకుంటూ దిగాం

మంచుకొండ మీది సైన్యం పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. మంచు మీద రెండు ఫైబర్ గుడిసెలు, ఒక జెండా. తాగాలంటే మంచునే స్టవ్ మీద కరిగించుకోవాలి. మాది భావనపాడు, చేపల వేట కుటుంబం. మా ఇంట్లో కొబ్బరిచెట్టు కంటే ఎత్తు ఎక్కినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఎక్కుతున్నంతసేపూ పోస్టు జెండా, దాని వెనక శిఖరంలోని గండి ఒకే వరసలో కనిపించాయి. సముద్రం మీది అలవాటు కదా, గుర్తు పెట్టుకున్నాను.

రేడియో ఆపరేటర్‌ది టెక్కలి. అంత దూరంలో మన యాస చెవినపడితే ప్రాణం లేచొచ్చింది. క్రైస్తవుడు. సాయంత్రాలు గుడిసెలో బైబిల్లోని కొండల గురించి చెప్పేవాడు.

"కొండ మీద యేసు ప్రభువు మెరిసిపోతంటే పేతురు ఏటన్నాడో తెల్సా? ఇక్కడే గుడారాలేసుకుందామన్నాడు. ప్రభువు ఉండనిచ్చాడేటి? దించేసాడు. కొండంటే దేవుణ్ణి కలిసే సోటు బావా. ఉండిపోయే సోటు కాదు."

"మాకు కొండంటే ఇల్లు బావా. సముద్రంలోంచి మందస కొండనీ, ఒడ్డున కొబ్బరితోటనీ ఒక వరసలో పెట్టుకుంటే బోటు ఊరికొచ్చేత్తాది" అన్నాను.

వాడికి ఇష్టమైన కథ ఇంకోటుంది. కింద యుద్ధం జరుగుతుంటే మోషే కొండ మీద చేతులెత్తి నిలబడ్డాడు. ఎత్తి ఉన్నంతసేపే తన వాళ్లకి గెలుపు. చేతులు బరువెక్కితే ఇద్దరు చెరోపక్కా చేరి ఎత్తిపట్టారు. "అంతోడికే సేతులు లాగేసినాయి, మనమెంత!" అని నవ్వేవాడు.

ఒక ఉదయం వాడి దగ్గులో ఎర్రటి నురగ పడింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, కిందికి దించకపోతే దక్కడని మరాఠీ నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. రేడియో నేను పట్టుకున్నాను. కింది క్యాంపు నుంచి జవాబొచ్చింది.

"గాలికి హెలికాప్టర్ రాదు. స్లెడ్జ్ మీద దించండి. ఓవర్."

కొత్త మంచు దారి గుర్తులన్నిటినీ పూడ్చేసింది. రెండు పక్కలా లోతైన పగుళ్లు. ముందంతా ఒకటే తెలుపు. వెనక మాత్రం జెండా, గండి తేటగా కనిపిస్తున్నాయి. పడుకోబెడితే వాడికి ఊపిరాడటం లేదు. అందుకని మంచు మీద లాగే ఆ స్లెడ్జ్ బండిలో వెనక్కి తిరిగి ఉండేలా కూర్చోబెట్టి కట్టాం.

"జెండా మీద గండి ఉన్నంతసేపు సెయ్యెత్తి ఉంచు బావా. తప్పితే దించు, ఆగిపోతాం. నిద్రపోకు."

"కొండని నేను సూత్తాను. నువ్వు లాగు."

పోస్టు వంటవాడూ నేనూ తాడు లాగాం. మాటిమాటికీ తిరిగి చూశాను. చెయ్యి లేచే ఉంది. సగం దారిలో టక్కున పడిపోయింది. ఆగిపోయాం.

"దారి తప్పిందేటి?"

"దారి బాగానే ఉంది... సెయ్యే లెగట్లేదు బావా."

నర్సింగ్ అసిస్టెంట్ స్లెడ్జ్ వెనకే వస్తున్నాడు. పక్కకొచ్చి వాడి మోచేతిని తన భుజం మీద పెట్టుకుని, వంగి నడవడం మొదలెట్టాడు. గండి పక్కకి జరిగితే వాడు గొణిగేవాడు, అతను "రుకో!" అని అరిచేవాడు, మేం ఆగి దారి సరిచేసుకునేవాళ్లం. సాయంత్రానికి కింది క్యాంపు చేరాం.

బతికాడు. ఇప్పుడు టెక్కలిలోనే ఉన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక చేపల పులుసుకి మా ఇంటికొస్తాడు. సైన్యం నుంచి వచ్చేశాక నేను మళ్లీ వేటకెళ్తున్నాను. కొబ్బరితోట మీద మందస కొండని నిలబెట్టుకున్న ప్రతిసారీ నాకు అదే కనిపిస్తుంది: మంచు పట్టిన గ్లవ్‌లో పైకెత్తిన చెయ్యి, దాని కింద మోషే కథ ఎన్నడూ వినని మనిషి భుజం.