ఆ హెడ్‌ఫోన్స్ మా సింహాచలాన్ని చంపలేదు

నిన్న ఉదయం నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఒక వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ వచ్చింది.

"హెడ్‌ఫోన్స్ మోజు ప్రాణం తీసింది. యువతా, ఇకనైనా మేలుకో."

కింద ఫొటో. పెద్ద నల్ల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతున్న మనిషి.

మా సింహాచలం.

ఆఫీసుకి బయల్దేరినవాణ్ణి మెట్ల మీదే ఆగిపోయాను. ఆ ఫొటో వాడి ఫేస్‌బుక్ ప్రొఫైల్‌లోది. అడక్కుండా తీసి పెట్టేశారు. నలభై దాటిన మనిషిని యువతలో కలిపేశారు.

వాడి నంబర్‌కి చేస్తే భార్య పార్వతి ఎత్తింది. ఏడుస్తూనే ఉంది. అప్పుడు నమ్మాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సింహాచలం, నేను డిగ్రీలో ఒకే బెంచీ. నేను ఉద్యోగానికి విజయనగరం వచ్చేశాను. వాడు రాజాంలో ఎరువుల షాపు పెట్టుకున్నాడు. పగలంతా యూరియా బస్తాలు, రైతులతో బేరాలు. షాపు కట్టేశాక సంగీతం. ఇంకో అలవాటు లేదు వాడికి.

పోయినేడు మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాడు. చాలా ఖరీదైనవి. ఊళ్ళో అందరూ నవ్వారు. "సెవులకి బంగారం తొడిగించుకున్నాడురా" అని షాపు ముందే అనేవాళ్ళు. వాడూ నవ్వేసేవాడు.

పార్సిల్ వచ్చిన ఆదివారం నన్ను రమ్మన్నాడు. వెళ్ళాను.

ముందు వీణ పెట్టాడు. తీగ మీద వేలు జారుతున్న చిన్న రాపిడి కూడా వినిపించింది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. తర్వాత పాత సినిమా పాట. చరణానికి ముందు గాయని ఊపిరి తీసుకోవడం విని నాకు ఒళ్ళు జలదరించింది. రాక్ పెట్టాడు. గిటార్లు బాగున్నాయి కానీ డ్రమ్స్‌లో బరువు లేదన్నాడు. డీజే మిక్స్ పెట్టి పెదవి విరిచాడు. పెళ్ళి ఊరేగింపులో గుండెల మీద కొట్టినట్టు కొట్టడం లేదట.

ఇంకో కంప్లైంట్ కూడా ఉంది. ఆ హెడ్‌ఫోన్స్ కప్పులు వెనక మూసి ఉండవు, జల్లెడలా తెరిచి ఉంటాయి. సౌండ్ విశాలంగా ఉంటుంది కానీ బయటి శబ్దాలన్నీ లోపలికి వచ్చేస్తాయి. ఫ్యాన్ ఆపాడు. వంటింట్లో కుక్కర్ విజిల్ మాత్రం ఆపలేకపోయాడు.

చివర్లో వాళ్ళ నాన్న పాట పెట్టాడు.

వాళ్ళ నాన్న తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. రొమ్ము మీద తప్పెట కట్టుకుని పాడుతూ ఎగిరితే ఊరు ఊరంతా వచ్చి చూసేది. ఆయన పోకముందు సింహాచలం ఒక పాట సెల్‌ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాడు. ఉన్నది ఆ ఒక్కటే. అది వినడానికే ఇవి కొన్నాడని నాకప్పుడే తెలిసింది.

పెట్టుకున్నాడు. కాసేపటికి తీసేశాడు.

అంత మంచి హెడ్‌ఫోన్స్‌లో ఆ రికార్డింగ్ తప్పులే పెద్దగా వినిపించాయి. గాలి హోరు, ఎవరో దగ్గడం, రేకు డబ్బాలా తప్పెట. వాళ్ళ నాన్న గొంతు ఎక్కడో అడుగున పడిపోయింది.

"ఇందులో మా నాన్న గొంతే నేదురా" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లోనే మళ్ళీ పెట్టుకుని విన్నాడు. ఆ రాత్రి మా మ్యూజిక్ గ్రూపులో ఫస్ట్ ఇంప్రెషన్స్ రాస్తే అన్ని రకాల సంగీతం గురించీ రాశాడు, ఈ ముక్క తప్ప.

ఇప్పుడు నిన్నటి సంగతి.

తెల్లవారుజామున రాజాం ఊరి బయట రోడ్డు మీద వాకింగ్‌కి వెళ్ళాడు. రోడ్డు దిగి, మట్టి అంచు మీద నడుస్తున్నాడు. వెనక నుంచి ఒక వ్యాన్ రోడ్డు దిగి వచ్చి గుద్దింది. ఆగలేదు. పొలానికి వెళ్తున్న రైతు కళ్ళారా చూశాడు, పోలీసులకీ చెప్పాడు. ఫార్వర్డ్‌లో ఆ వ్యాన్ ఊసే లేదు.

దహనం అయ్యాక వాళ్ళింటి ముందు టెంటు కింద కూర్చున్నాం. వరసకి వాడికి మావయ్య అయ్యే పెద్దాయన అందరికీ వినబడేలా అన్నాడు. "సెవులు మూసుకుని రోడ్డెక్కితే ఏటవుతాది మరి?"

నలుగురూ తలలూపారు.

పార్వతి లేచి లోపలికి వెళ్ళింది. హెడ్‌ఫోన్స్ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఓపాలి ఎట్టుకో మావా."

ఆయన పెట్టుకున్నాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, గొంతు పెంచకుండా అంది.

"ఆయన ఫోను ఇంట్లో సార్జింగెట్టి ఎల్నాడు మావా. ఇయ్యేమో వైరు గుచ్చితే గాని పాడవు. ఆ వైరు మా గది గుమ్మం దాటదు. నా మాట ఇనిపిస్తందా?"

"ఇనిపిస్తందమ్మా" అన్నాడు ఆయన. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

సాయంత్రం ఆ వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌కి ఫోన్ చేసి, మెసేజ్ తీసేయమని అడిగాను. నలుగురికీ జాగ్రత్త చెప్పడానికే కదా పెట్టాం, తప్పేముంది అన్నాడు. ఇది రాస్తున్నప్పటికీ అది అక్కడే ఉంది. కింద దండం పెట్టే ఎమోజీలు పడుతూనే ఉన్నాయి.

వ్యాన్ దొరకలేదు. దొరకాలని ఊళ్ళో ఎవరికీ తొందర కూడా లేదు. చచ్చినవాడి మీద తప్పు వేసేశాక చంపినవాడితో ఎవరికేం పని?

నాకుంది. పార్వతికుంది. ఆ రైతు సాక్ష్యం చెబుతానన్నాడు. రేపు స్టేషన్‌కి ముగ్గురం కలిసి వెళ్తున్నాం. ఆ తెల్లవారుజామున ఆ దారిలో వ్యాన్‌ని చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఓదార్పు మాటలు తర్వాత.

వెళ్ళిరారా సింహాచలం. నిన్ను తప్పు పట్టే నోరు ఒక్కటీ లేని చోట నెమ్మదిగా ఉండు.