వేపకొమ్మ వాడేదాకా

పోయిన వారం లాల్‌గడి మలక్‌పేట్‌లో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్తుంటే, ఆటో ఒక వంగతోట పక్కన ఆగింది. ఎవరో వీపుకు పంపు తగిలించుకుని మందు కొడుతున్నారు. ఆ వాసన తగలగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పక్కన కూర్చున్న నా కూతురు నిత్య ముక్కు కూడా మూశాను. పన్నెండేళ్ల పిల్ల, విసుక్కుని నా చెయ్యి తోసేసింది. ఆటో కదిలి, ఊళ్లోకి వచ్చాక గానీ కొంగు తియ్యలేదు. మరియమ్మవ్వ ఉంటే ఆటోను వెనక్కి తిప్పించేది. జవహర్‌నగర్‌లో మా పక్కింటి ముసలామె. మీరెవరూ ఆమెను ఎరగరు. ఎరిగినవాళ్లు ఆమెను పిరికిదని అనేవాళ్లు, అలా అన్నవాళ్లలో నేనే ముందు.

మా ఇంటి వెనుక రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. పెళ్లయి వచ్చిన కొత్తలో అందులో టమాటా, బెండ వేశాను. టమాటా ఆకులన్నీ ముడుచుకుపోయాయి. ఎదురింటావిడ దిష్టే అని తేల్చేసి, ఎండుమిర్చి తిప్పి పొయ్యిలో వేశాను. ఇల్లంతా దగ్గాం గానీ ఒక్క ఆకూ విచ్చుకోలేదు. గోడవతల నుంచి ఇదంతా చూస్తున్న మరియమ్మవ్వ, "ఆకు మీద ఏం జూస్తవ్ బిడ్డా, తిరగేసి జూడు" అంది. తిరగేస్తే నూకల్లాంటి తెల్లదోమలు గుప్పున లేచాయి. "గివి రసం పీల్చుకుంట రోగం అంటిస్తయ్. ముడుసుకపోయిన మొక్క ఇగ బాగుపడది. పీకి కవర్ల కట్టెయ్, పక్కయన్న దక్కుతయ్." బెండ ఆకులు పచ్చబడితే నేను ఎరువు పొట్లం కొనబోయాను. ఆమె నా వేలు పట్టుకుని మట్టిలో గుచ్చింది. లోపలంతా బురద. "తడున్నంక మల్ల పోస్తే ఏర్లు కుళ్లవా? ఆకలైతదో లేదో అడగకుంటనే బువ్వ పెడుతున్నవ్" అని తిట్టింది. ఆమె తిట్లతోనే నాకు తోటపని వచ్చింది.

ఆమె ఇరవై ఏళ్లు శామీర్‌పేట దిక్కు ద్రాక్షతోటల్లో కూలి చేసింది. ఇప్పుడు ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. అక్కడ మందు కొట్టీ కొట్టీ ఆమెకు వాసన తెలియకుండా పోయింది. మా కాలనీ పక్కనే సిటీ చెత్తంతా పోసే కుప్ప మీది గాలి ఇటు తిరిగితే కాలనీ అంతా కిటికీలు మూసుకునేది; ఆమె మాత్రం వాకిట్లో కూర్చుని తాపీగా బియ్యం ఏరుకునేది. అలాంటి మనిషి, నేను నాలుగు బెండకాయలు చేతిలో పెడితే మూడుసార్లు అడిగేది, "ఏమన్న కొట్టినవా?" అని. లేదన్నా వినకుండా ఉప్పునీళ్లలో నానేసేది. "విషం పెట్టి చంపి మీ ఇల్లు రాయించుకుందామనుకున్నానులే అవ్వా" అని ఏడిపించేదాన్ని. నాతోపాటు నవ్వేది, కాయలు మాత్రం ఇంకోసారి కడిగేది.

నిత్యకు ఆరేళ్లప్పుడు తీగ బొబ్బర పెట్టాను. పందిరి నిండా లేతకాయలు దిగే వేళకు పేనుబంక పురుగు పట్టింది. కొసలన్నీ నల్లగా, జిగటగా, చీమలబారు. అవ్వ సబ్బునీళ్లు కొట్టమంది, బూడిద చల్లమంది, పాడైన కొసలు తుంచమంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? నాలుగు రోజులు చేసి, అయిదో రోజు దుకాణానికి పోయి మందుసీసా తెచ్చాను. దుకాణమాయన రెండు మూతలు చాలన్నాడు. నేను నాలుగు పోశాను. శుక్రవారం పొద్దున్నే కొట్టాను, సాయంత్రానికి పేను రాలిపోయింది. గర్వంగా అవ్వను పిలిచి చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వేపకొమ్మలు తెచ్చి పందిరి గుంజ గుంజకూ ఒకటి కట్టింది. ద్రాక్షతోటల్లో మందు కొట్టిన సాలుకు అలాగే కట్టేవాళ్లట, చదువు రానివాళ్లకు కూడా తెలియాలని. "కొమ్మ వాడి ఆకులన్ని రాలేదాంక కాయ మీద చెయ్యి వెయ్యొద్దు. అందాంక సీసా పారెయ్యొద్దు. ఇంట్ల అందరికి చెప్పు" అంది. నేను తల ఊపాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బోనాలకని మేడ్చల్ నుంచి అత్తమ్మ వచ్చి ఉంది. తినే పంటకు విషం కొట్టానని తెలిస్తే నెలంతా దెప్పుతుంది. ఆ సీసా కనబడినా రభసేనని, మర్నాడు పొద్దున దాన్ని చెత్తబుట్టలో వేసి గేటు బయట పెట్టాను.

ఆదివారం బోనం. అత్తమ్మ కుండకు సున్నం, పసుపు పూసి, వేపకొమ్మలు చుట్టింది. ఆ కొమ్మలు నా చేతుల్తోనే సర్దాను. ఎంత పచ్చగా ఉన్నాయో అని కూడా అనుకున్నాను. ఎక్కడివని అడగాలని తోచలేదు. అమ్మవారి గుడి నుంచి తిరిగివచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నిత్య మాకంటే ముందు ఇంట్లోకి ఉరికింది. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి, అన్నాలు పెట్టి, గంట తర్వాత పిల్ల ఏదని వెతికితే పందిరి కింద ముడుచుకుని కూర్చుని ఉంది. గౌను నిండా వాంతి. నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతోంది. పిడికిట్లో సగం కొరికిన బొబ్బరకాయ. "అమ్మా, నువ్వు ఇద్దరున్నవ్" అంది. అప్పుడు తల ఎత్తి చూశాను. గుంజలకు కొమ్మలు లేవు. వెనకాల అత్తమ్మ, "మొక్కలకు దిష్టికి కట్టినవనుకొని తెంపిన. ఏమైందే పిల్లకు?" అంటోంది. పిల్లను ఒళ్లోకి లాక్కుని అరిచాను.

మరియమ్మవ్వ నా అరుపు విని గోడ దగ్గరికి వచ్చింది. ఆమె పిల్లను చూడకముందే గుంజలను చూసింది. వచ్చి నిత్య గౌను విప్పి, నోరు, చేతులు కడిగి, ఆటో పిలవమని, ఒక్క పరుగున తన ఇంట్లోకి పోయి ఏదో సంచిలో వేసుకుని వచ్చింది. దారంతా బోనాల ఊరేగింపు. డప్పుల మధ్య ఆటో ఇరుక్కుపోయింది. ఒళ్లో పిల్ల చెమటతో తడిసి జారిపోతోంది. పిలిస్తే రెండుసార్లు పలికింది. మూడోసారి పలకలేదు. అవ్వ ఆటో దిగి జనం మధ్యలోకి దూరి, "పిల్ల పాణం మీదికొచ్చింది, జరగుండ్రి" అంటూ రెండు చేతులతో తోసుకుంటూ దారి చేసింది. ఆ పది నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు. అవ్వ చర్చి దేవుడికి కూడా మొక్కాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిత్య కళ్లలోకి లైటు వేసి చూసి, "ఏ మందు కొట్టారు?" అని అడిగింది. నాకు పేరు తెలియదు. ఆకుపచ్చ కాగితం అంటించి ఉంటుందన్నాను. "అలాంటివి వంద ఉంటాయమ్మా, సీసా ఉందా?" అంది. ఆ సీసా ఎప్పుడో చెత్తబండి ఎక్కి కుప్పలో కలిసి ఉంటుంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అవ్వ సంచిలోంచి రెండు కవర్లలో చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది. శనివారం బండి రాకముందే నా చెత్తబుట్టలోంచి ఏరుకుపోయిందట. డాక్టరమ్మ కాగితం చదివి, నర్సును కేకేసింది.

సూదులు వేశారు, సెలైన్ పెట్టారు. మమ్మల్ని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. నేను అవ్వ చేతులు పట్టుకుని, "నిన్ను పిరికిదానివని నవ్వాను" అని ఏడ్చాను. ఆమె నా వైపు చూడలేదు. పిల్ల ఉన్న గది తలుపు వైపే చూస్తూ అంది.

"నాకు గూడ ఒక బిడ్డుండె. గింతే ఈడు. తోటకు ఎంట తీస్కపోయేదాన్ని. ఒకనాడు పండ్లు కొనేటోళ్లు వస్తున్నరని సేటు కొమ్మలు తియ్యిమన్నడు. కొమ్మ కనవడితే బేరం కాదని."

"తీశావా?"

"తీసిన. నా చేతుల్తోనే తీసిన. నా బిడ్డకేం చెప్పిన్నో ఎర్కనా? కొమ్మ లేకుంటె తినొచ్చని చెప్పిన."

ఆ పిల్లకు ఏ మందు పడిందో దవాఖానలో ఎవరూ చెప్పలేకపోయారట. "భయమైతే మంచిదే బిడ్డా. ఉండనియ్యి" అంది అవ్వ.

నిత్య ఆ సాయంత్రం కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. తప్పు నాదేనని అత్తమ్మకు చెప్పేశాను. పందిరి పీకి కవర్లలో కట్టేశాను. మరియమ్మవ్వ పోయి రెండేళ్లయింది. ఆఖరి రోజుల్లో నేను తీసుకెళ్లిన తోటకూరను కూడా, "ఏమన్న కొట్టినవా?" అని మూడుసార్లు అడిగే తిన్నది. నేను మూడుసార్లూ నిదానంగా జవాబు చెప్పాను.

ఇప్పుడూ మా వెనుక జాగాలో కూరలు పండుతాయి. ఆకులు తిరగేసి చూస్తాను, వేలు పెట్టి తడి చూస్తాను, పేను పడితే సబ్బునీళ్లే. దక్కింది తింటాం, దక్కనిది పీకేస్తాం. మొన్న నిత్య ఒక టమాటా తెంపి నోట పెట్టుకోబోతుంటే ఆమె మణికట్టు పట్టేసుకున్నాను. "నువ్వే గదమ్మా పెంచింది. ఏం కొట్టలేదుగా" అంది నవ్వుతూ. కొట్టలేదని నాకూ తెలుసు. చెయ్యి వదిలాను, తిన్నది. తిన్నాక, నాకు అక్కర లేకపోయినా, ఆమె పలుకు వినడానికే రేపు బడి ఉందా అని అడిగాను. ఉందని ఆమె నోటితో చెప్పేదాకా అక్కడి నుంచి కదలలేదు.