పెరట్లో రెండో పొయ్యి

మదనపల్లెలో మా ఇంటి వెనక ఆరుబయట వంటగది కట్టించడానికి మేస్త్రీతో బేరం సాగుతోంది. ఆయన సున్నంతో గీత గీసి, "పొయ్యి ఈడ పెడదామా అప్పా?" అన్నాడు. తడిసిన ఎర్రమట్టి వాసనకు బేరం మరిచి చిన్నప్పటి మా పెరట్లోకి వెళ్లిపోయాను. బేరం మధ్యలో నాకలా జరగడం అరుదు.

పుంగనూరులో మాది అంగళ్ల వీధి. అక్కడ అన్నదమ్ములు విడిపోతే ముందు రెండో పొయ్యి వెలిసేది, తర్వాతే అంగడికి అడ్డగోడ లేచేది. అందుకే ఒక పొద్దున అమ్మ పెరట్లో మట్టి పొయ్యి వేస్తుంటే, అవ్వను, అదే మా నాన్నమ్మను, వదిలి వేరు కాపురం పెడుతోందనుకున్నాను. ఏడుపు మింగి బేరానికి దిగాను.

"పొద్దున నీ కాడ, రాత్రికి అవ్వ కాడ తింటానమ్మా."

"యాలరా?"

"అవ్వకు ఎవురుండారు?"

అమ్మ నవ్వింది. "నీ మొగం! పొగకు అవ్వ దగ్గుతాండాదని పొయ్యి బయటికి తెచ్చినా. అంతే."

నేను నమ్మలేదు. అంగట్లో పెరిగినవాణ్ని, మొదటి మాట ఎవరిదైనా నమ్మను.

సాయంత్రం పొయ్యి రాజుకోగానే అవ్వ పీట ఈడ్చుకుంటూ వచ్చింది.

"లోపలికి పో అత్తా, పొగ!"

"నువ్వొకదానివి ఈడ, నేనొకదాన్ని ఆడనా? మాట్లాడకుండా సంగటి కెలుకు."

గాలి మళ్లి పొగంతా అవ్వ మొగానికే కొట్టి ఆమెకు దగ్గు తెప్పించింది. ఇల్లు చీలలేదన్న ఊరటలో ఆ దగ్గు నాకు చల్లని కబురులా వినిపించింది. అవ్వ ఊపిరి సంగతి అప్పుడు తట్టనేలేదు. ఆ చలికాలమంతా ఆమె పీటను పొయ్యి పక్కకు నేనే మోసుకెళ్లి వేసేవాణ్ని.