చిరగని చీటీ

నెల్లూరు దాటాక, ప్యాసింజర్‌ రైల్లో ఎదురుగా కూర్చున్న యాభై దాటినాయన నా పనేమిటని అడిగాడు. కాలేజీలో పాఠాలు, ఒంట్లోని గడియారం మీద పరిశోధన అన్నాను. వెంటనే నిద్రమాత్ర పేరు చెప్పమన్నాడు. గడియ నిద్ర పట్టని నన్నే అడగాలా!

"రొయ్యల గుంట మూసేసి ఏడాదైందమ్మా. అయినా రాత్రి రెండింటికి మెలకువొచ్చేస్తాది, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు వేసేదానికి."

మాత్రలు తెలియవు కనుక పాఠం చెప్పాను. కణం తన గడియారం నడుపుకోవడానికి ఆర్‌ఎన్‌ఏ అనే చీటీలు రాసుకుంటుంది. కొన్ని ప్రొటీన్లు ఆ చీటీలను పట్టుకుని, వేళకు చింపిస్తాయి. చింపడం ఆలస్యమైతే గడియారం తప్పుతుంది. మా ఇంట్లో రెండో వాక్యానికే లేచిపోతారు. ఆయన చివరిదాకా విన్నాడు.

"అయితే నా చీటీ చిరగలేదన్నమాట."

"అన్నా, మీది అలవాటేమో. చీటీ వల్లేనని అంత తేలిగ్గా చెప్పలేం. డాక్టరుకు చూపిస్తే మాన్పిస్తారు."

ఆయన దిగేందుకు సంచి దగ్గరకు లాక్కున్నాడు.

"వద్దులేమ్మా. ఇంట్లో నేనొక్కడినే. ఆ వేళకైనా నాతో ఎవురికో పనుందనిపిస్తాది."

దొరవారిసత్రంలో దిగిపోయాడు. చిరగని చీటీని 'లోపం' అని చెప్పాల్సినచోట, క్లాసులో ఇప్పటికీ నా గొంతు కాస్త తగ్గుతుంది.