ఆ గాంధారం తప్పు కాదు

సంగీతం డిప్లొమా చివరి ఏడాదిలో మాకో పని ఇచ్చారు. నచ్చిన పాటను ఎంచుకుని, దాని రాగం, తాళం, నడక, గొంతు వాడిన తీరు విడదీసి క్లాసులో చెప్పాలి. దాదాపు అందరూ కీర్తనలు తీసుకున్నారు. నేను మాత్రం ఆ రోజుల్లో వరంగల్‌లో ఏ ఆటో ఎక్కినా, ఏ బరాత్‌లో డీజే బండి వెనక నడిచినా వినిపిస్తున్న యూట్యూబ్ జానపదం ఎంచుకున్నాను. బావ తెచ్చిన చీర కట్టనని మొండికేసిన పిల్ల పాట అది.

మా మేడమ్ వినగానే నవ్వారు.

“ఎంచుకోమన్నది పాటని. గోలని కాదు.”

“అదీ పాటే మేడమ్.”

“అది పాడే అమ్మాయికి గాంధారమే సరిగా పడటం లేదు. అపస్వరానికి ఏ రాగం కడతావ్?”

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంట మేడమ్ ఒక్కరి మీదే కాదు.

మా అమ్మ వరంగల్‌కు ఆవల ఒక ఊళ్లో పెరిగింది. వాళ్లకు అక్కడ కిరాణా కొట్టు ఉండేది. సామాను కోసం వచ్చే కూలి ఆడవాళ్ల పాటలన్నీ చిన్నప్పుడే పట్టేసింది. పెళ్లయి, బట్టల దుకాణం నడిపే మా ఇంటికి వచ్చిన ఏడాది, బతుకమ్మ ఆడుతూ గొంతెత్తిందట. మా నానమ్మ నలుగురిలో “ఆ ఊరి గొంతు బంద్ చెయ్యి, ఇజ్జత్ పోతాంది” అన్నదట. అమ్మ మళ్లీ పాడలేదు. నాకు సంగీతం నేర్పించి తీరాలని పట్టుబట్టింది మాత్రం అమ్మే.

ఆ సాయంత్రం దుకాణం పైగదిలో ఫోన్లో తంబూర శ్రుతి పెట్టుకుని ఆ పాటను ముక్కలు ముక్కలుగా విన్నాను. స, రి, గ అంటామే, అందులో గ గాంధారం. మేం ఎక్కువగా సాధన చేసేవి రెండు, తగ్గుది ఒకటి, హెచ్చుది ఒకటి. ఆ పాట పాడినామె స్వరం ఆ రెంటికీ నడుమ నిలబడుతోంది. మొదటి చరణంలో అక్కడే, ఆఖరి చరణంలోనూ అక్కడే. ఎక్కడో జాతరలో స్టేజీ మీద పాడిన వీడియో వెతికి చూశాను. అందులోనూ అదే చోటు. వెనక కోరస్ కూడా అక్కడికే వచ్చి చేరుతోంది. తప్పంటే తడబాటు. తడబాటు ఇలా ఒకే చోట కాపురం పెట్టదు.

ఇక తాళం. డప్పు దెబ్బ పడ్డాక పాట వెంటనే అందుకోదు. కాస్త ఆగి, తనకు ఇష్టమైనప్పుడు మొదలవుతుంది. శాస్త్రంలో దాన్ని అనాగతం అంటారు. డప్పు రమ్మని లాగుతుంటే పాట రానని నిలబడుతుంది. ఆ పిల్ల మొండితనమంతా అక్కడుంది. “కట్టను” అనే మాట దగ్గరే ఆ నడిమి గాంధారం పడుతుంది.

అమ్మ చాయ్ తెచ్చి, నిలబడి విన్నది.

“మంచిగనే పాడుతాంది గదనే.”

“మా మేడమ్ తప్పంటున్నరమ్మా.”

“మీ నానమ్మ గూడ నన్ను గట్లనే అన్నది. నేను నోరు మూసుకున్న. నువ్వు మూసుకోకు.”

చాయ్ నా పక్కన పెట్టి కిందికి దిగిపోయింది.

నా వంతు వచ్చిన రోజు స్పీకర్ వద్దన్నారు. తొడ మీద దరువు వేసుకుంటూ నేనే పాడాను. “కట్టను” అనే మాట రాగానే మేడమ్ చెయ్యెత్తారు.

“ఆపు. నేను నేర్పిన గాంధారం పాడు.”

ఊపిరి తీసుకుని, వంక పెట్టడానికి వీల్లేకుండా పాడాను. వెంటనే మళ్లీ పాటలోది పాడాను.

“అది మీరు నేర్పింది మేడమ్. ఇది ఆమెది. రెండూ నాకు వచ్చు. ఈ పాటలో ఆమెదే పాడుత.”

“మార్కులు పోతాయి.”

“పోనీయండి.”

చివరి చరణం దాకా పాడి, చెప్పాల్సిందంతా చెప్పే కూర్చున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కీర్తనతో మళ్లీ చేసి తెమ్మన్నారు. నేను తేలేదు. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. కాలేజీ వార్షికోత్సవంలో నేను పాడాల్సిన ప్రార్థన వేరే అమ్మాయి పాడింది. వెనక వరుసలో కూర్చుని విన్నాను. ఏడుపు రాలేదంటే అబద్ధం. మేడమ్ దగ్గరికి వెళ్లి క్షమించమని మాత్రం అడగలేదు.

ఇప్పుడు హనుమకొండలో మా ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెబుతున్నాను. సరళీ స్వరాలు చెబుతాను, జానపదాలూ చెబుతాను. మొన్న ఒక తండ్రి గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

“మేడమ్, గివన్నీ డీజే పాటలు గదా? మా పాపకు మంచి సంగీతం నేర్పుతరనుకున్నం.”

“మంచిదే నేర్పుతున్న. మీకు నచ్చకుంటే వేరే దగ్గర చేర్పించుకోండి.”

చేర్పించుకున్నారు. శ్రుతి మీద చక్కగా నిలిచే పిల్ల, పోయినందుకు బాధేసింది. పాఠం మాత్రం మార్చలేదు.